గాలిని పాడుకున్నవాళ్ళు

‘పాట’ అనే మాటకి మన భాషలో రెండు అర్థాలున్నాయి. ఒకటి గొంతెత్తి పాడేది. రెండోది డబ్బు సంచీ విప్పి పాడేది. పల్లెటూళ్ళతో కాస్త సంబంధం ఉన్నవాళ్ళకి ఈ రెండో పాట బాగా తెలుసు. చెరువులో చేపల పాట, సంతలో ఆశీలు పాట, గట్టుమీద చింతచెట్ల పాట, ఏటి మీద రేవు పాట. చావిడి దగ్గర నలుగురూ చేరి ‘‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’’ అనగానే, ఎక్కువ పాడినవాడిదే ఆ ఏడాదికి ఆ చెరువు.

వాడిదంటే పూర్తిగా వాడిది కాదు సుమండీ! చేపలు మాత్రమే వాడివి, నీళ్ళు ఊరివి. పాటదారు వచ్చి గట్టు మీద కూర్చుని ‘‘ఇందులో బిందె ముంచడానికి వీల్లేదు’’ అంటే ఊరి ఆడవాళ్ళు ఊరుకుంటారా? ఆ బిందెతోనే జవాబు చెబుతారు. రేవు పాడుకున్నవాడి సంగతీ అంతే. మనిషికింత అని ముందే తేల్చుకుని, వచ్చినవాళ్ళందర్నీ దాటించాలి. ‘‘అవతలి ఒడ్డున ఇద్దరే ఉన్నారు, నాకు గిట్టదు’’ అని పడవ కట్టేసి పడుకుంటానంటే ఊరు ఒప్పుకోదు.

ఈ ఉపోద్ఘాతమంతా ఎందుకంటే, ఇప్పుడు గాలికే పాట పెడుతున్నారు. పీల్చే గాలికి కాదు లెండి, ఇంకా అంతవరకూ రాలేదు. మన సెల్‌ఫోనులో మాటల్ని మోసుకుపోయే రేడియో తరంగాలకి. ఆ తరంగాల పట్టీకే స్పెక్ట్రమ్ అని పేరు. దాన్ని ముక్కలు చేసి, ఈ ముక్క ఇరవై ఏళ్ళపాటు నీది, ఆ ముక్క వాడిది అని ప్రభుత్వం కంపెనీలకి పాటలో ఇస్తోంది. పాట బ్రహ్మాండంగా సాగుతోంది. కానీ నీళ్ళు ఊరివి అనే మాట మాత్రం ఎక్కడా వినబడడం లేదు. ఆ మాట గుర్తు చేద్దామనే ఈ నాలుగు ముక్కలూ.

ఇది నా సొంత పైత్యం కాదు. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు సాక్షాత్తూ తీర్పు చెప్పింది. క్రికెట్ ఆటని టీవీలో చూపించే హక్కు ఎవరిదని బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర ప్రభుత్వానికీ వచ్చిన తగవు అది. ఆ తగవు తీరుస్తూ, ఈ తరంగాలు ప్రజల ఆస్తి, ప్రజల మేలు కోసమే వాడాలి అని న్యాయమూర్తులు తేల్చారు. వాళ్ళలో ఒకరు మన తెలుగువారే, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. మగవాళ్ళ క్రికెట్ పిచ్చి వల్ల దేశానికి జరిగిన మేలేదైనా ఉంటే అందులో ఇదొకటని నేననుకుంటూ ఉంటాను.

చిత్రమేమిటంటే, అదే ఏడాది జూలై 31న మన దేశంలో మొదటి సెల్‌ఫోను మోగింది. కలకత్తా నుంచి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో నిమిషానికి సుమారు 16 రూపాయలు. మనం చేస్తే సరే, మనకి ఎవరైనా చేసినా మన డబ్బే! ఇంటికొచ్చిన చుట్టం బండి బాడుగ కూడా మనమే ఇచ్చుకున్నట్టు. వచ్చే ఫోనుకి డబ్బు కట్టే బెడద 2003లో గాని వదల్లేదు.

ఆ తర్వాత కథ మీకు పేపర్లలో తెలిసిందే. 2008లో పాట లేకుండానే, 2001 నాటి పాత ధరకే, ముందు వచ్చినవారికి ముందు అనే పద్ధతిలో 122 లైసెన్సులు పంచారు. దేశానికి 1.76 లక్షల కోట్ల దాకా నష్టం జరిగి ఉండొచ్చని కాగ్ లెక్క కట్టింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఆ 122 లైసెన్సులనూ కొట్టేసింది. 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు నిందితులందరూ నిర్దోషులంది. ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అనేది లాయర్లకి వదిలేద్దాం. ఆ గొడవతో ఒక్కటి మాత్రం దేశానికి బాగా పట్టుబడింది. తరంగాలని పాటలోనే ఇవ్వాలి, ఎంత ఎక్కువ వస్తే అంత మంచిది అని.

ఇక చూడండి సంబరం. 2022లో జూలై 26 నుంచి ఆగస్టు 1 దాకా ఏడు రోజుల పాట జరిగింది. మొత్తం 1,50,173 కోట్లు. జియో ఒక్కటే 88,078 కోట్లు పాడింది. ఎయిర్‌టెల్ 43,084 కోట్లు, వొడాఫోన్ ఐడియా 18,799 కోట్లు. టీవీల్లో ఆ వారమంతా ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని కోడిపందేల్లా చర్చలు పెట్టారు. ఇన్ని గంటల చర్చలో ‘‘మరి ఈ తరంగాలతో ఏ ఊరి వాళ్ళకి కొత్తగా మాట వినబడుతుంది?’’ అని అడిగిన మహానుభావుణ్ణి ఒక్కణ్ణి నేను చూడలేదు.

అక్కడే ఉంది అసలు కిటుకు. తరంగాలన్నీ ఒక్కలాంటివి కావు. దీనికి సైన్సు చదవనక్కర్లేదు, వంట చేసే మనకి ఇట్టే అర్థమవుతుంది. ఇంగువ పోపు పెడితే వాసన మూడిళ్ళ అవతలికి పోతుంది, గోడలూ తలుపులూ దానికి అడ్డం కావు. మల్లెపూల వాసన జడ దగ్గరకొస్తేనే తెలుస్తుంది. 700, 900 మెగాహెర్ట్జ్ లాంటి కింది తరంగాలు ఇంగువ జాతి. దూరం పోతాయి, గోడలు దాటుకుని నట్టింట్లోకి వస్తాయి. ఒక్క టవరు పెడితే చుట్టూ చాలా మేర వినబడుతుంది. 3300 మెగాహెర్ట్జ్ లాంటి పై తరంగాలు మల్లెల జాతి. సినిమాలూ బొమ్మలూ బోలెడు మోస్తాయి గాని దూరం పోలేవు, గోడ అడ్డమొస్తే నీరసించిపోతాయి. ఇక 26 గిగాహెర్ట్జ్ అయితే చెట్టు ఆకులు అడ్డమొచ్చినా ఆగిపోయేంత సుకుమారం.

ఇప్పుడొక సంగతి గమనించండి. పల్లెలకీ, ఇంటి లోపలికీ బాగా పనికొచ్చే ఆ 700 మెగాహెర్ట్జ్ తరంగాలు 2016 పాటలోనూ, 2021 పాటలోనూ ఒక్కరూ కొనలేదు. ధర మరీ ఎక్కువ పెట్టారని కంపెనీలు మూతి తిప్పుకున్నాయి. 2022లో ఒక్క జియో కొన్నది. 2024 జూన్‌లో మళ్ళీ పాట పెట్టి దాదాపు 10,500 మెగాహెర్ట్జ్ ముందు పెడితే, అమ్ముడుపోయినవి 141.4 మాత్రమే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఆ సుకుమారపు పై తరంగాలే అనుకోండి. అయినా అమ్ముడుపోని తరంగం సంగతి తెలుసా? బొగ్గూ ఇనుమూ అయితే భూమిలో దాచుకున్నా రేపటికి ఉంటాయి. ఇవాళ వాడని తరంగం ఇవాళ్టికి వృథా. వండి వార్చిన అన్నం ఎవరికీ పెట్టకుండా పారబోసుకున్నట్టే.

మరి ఈ కంపెనీల పోటీ అంతా దేనిమీద? వీధిలో హోర్డింగుల మీద. ఫోనులో మూల కనిపించే ‘5జి’ అనే అక్షరం మీద. మేం ముందంటే మేం ముందని, మాది వేగమంటే మాది వేగమని. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత అని మనవాళ్ళు ఊరికే అన్నారా? బజారులో నిలబడితే నిక్షేపంగా అయిదు గీతలూ కనిపిస్తాయి. వంటింట్లోకి వస్తే రెండు. లోపలి గదిలోకి పోతే సున్న. మా ఇంట్లో ఫోను మాట్లాడాలంటే వెనక బాల్కనీలో తులసికోట పక్కనే నిలబడాలి. ఆ తల్లి మా ఇంటి సంగతులన్నీ విని విని విసిగిపోయి ఉంటుంది. కంపెనీకి ఫోను చేసి చెబితే, అది కూడా అక్కడే నిలబడి చెబితే, అవతలి అమ్మాయి ఎంతో వినయంగా ‘‘మా రికార్డుల ప్రకారం మీ ప్రాంతంలో సిగ్నలు చాలా బాగుంది మేడమ్’’ అంది. రికార్డులో కాపురం ఉండేది నేను కాదు కదా అమ్మా అన్నాను. ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది పాపం, ముందు పెట్టిన కాగితం చదవడం తప్ప.

మధ్యలో తెగిపోయే మాటల సంగతి ఇంకా విడ్డూరం. మనం ఏదో ముఖ్యమైన మాట చెబుతూ ఉంటాం, అవతల వాళ్ళు ఎప్పుడో లేరు. 2015 అక్టోబరులో ట్రాయ్ వాళ్ళు, అంటే ఈ కంపెనీల మీద పెద్దరికం చేసే కేంద్ర సంస్థ, ఒక నిబంధన పెట్టారు. మాట తెగిపోతే తెగినందుకు మనకి రూపాయి వెనక్కివ్వాలి, రోజుకి మూడు సార్ల దాకా, 2016 జనవరి నుంచి. రూపాయి! ఈ రోజుల్లో రూపాయికి కరివేపాకు రెమ్మ కూడా రాదు. ఆ రూపాయి కోసం కంపెనీలన్నీ ఏకమై కోర్టుకెక్కాయి. వేల కోట్లు పాడుకునేవాళ్ళు రూపాయి దగ్గర గింజుకున్నారు. చివరికి 2016 మే నెలలో సుప్రీంకోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. కోర్టు తన చట్టం ప్రకారం చెప్పింది, దానికి తల వంచుదాం. కానీ ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకునే ఈ కంపెనీలు ఆ రూపాయి దగ్గర ఎంత చక్కగా అన్నదమ్ములైపోయాయో గమనించండి.

అన్నదమ్ముల అనుబంధం అక్కడితో ఆగలేదు. నెలకెన్ని రోజులండీ? చంటిపిల్లలు కూడా ముప్ఫై అంటారు. ఈ కంపెనీలకి మాత్రం ఇరవై ఎనిమిది. పాలవాడు, పేపరువాడు, ఇంటివాడు ఎవరైనా పన్నెండు నెలలకి పన్నెండు సార్లే డబ్బు తీసుకుంటారు. 28 రోజుల ‘నెల’ అయితే ఏడాదికి పదమూడు సార్లు. 13 ఇంటూ 28, 364. లెక్క ఎంత ముచ్చటగా సరిపోయిందో! పదమూడో నెల జీతం మన ఇంట్లో ఎవరికీ ఇవ్వరు గాని పదమూడో నెల రీచార్జి మాత్రం అందరమూ కడుతున్నాం. 2022 జనవరిలో ట్రాయ్ మందలించి, ముప్ఫై రోజులది కనీసం ఒకటి, ప్రతి నెలా ఒకే తారీఖుకి వచ్చేది ఒకటి పెట్టి తీరాలంది. పెట్టారు. ఎక్కడ పెట్టారో వెతుక్కోవడమే మన పని. షాపులో కంటికి ఎదురుగా ఖరీదు చీరలు పెట్టి, చవక నేత చీరలు బీరువా వెనక దాచినట్టు.

2024 జూన్ ఆఖర్లో మూడు ప్రైవేటు కంపెనీలూ రెండు మూడు రోజుల తేడాతో ధరల పెంపు చాటించాయి. జూలై 3, 4 తేదీల నుంచి 11 శాతం మొదలు 25 శాతం దాకా పెరిగాయి. పోటీ అంటే ఒకరు పెంచితే మరొకరు తగ్గించి జనాన్ని లాక్కోవాలి. కూరగాయల బజారులో గంపలు దించుకున్న ఆడవాళ్ళకి తెలిసిన పోటీ ధర్మం ఇదే. ఇక్కడ మాత్రం ఒకరు ‘శ్రీరామ’ అంటే మిగిలినవాళ్ళు ‘జయరామ’ అన్నారు.

దీనివల్ల కష్టం ఎవరికి? మా పిన్ని ఒకావిడ ఉంది. కోనసీమలో, కొబ్బరిచెట్ల మధ్య పెంకుటింట్లో ఒక్కత్తే ఉంటుంది. కూతురు అమెరికాలో. పిన్ని ఎవరికీ ఫోను చెయ్యదు, వస్తే ఎత్తుతుంది. ఆవిడకి సినిమాలొద్దు, బొమ్మలొద్దు, రోజుకి ఒకటిన్నర జీబీ అంటే ఏమిటో తెలియదు. ఒకసారి రీచార్జి గడువు అయిపోయింది. కొద్దిరోజులకి వచ్చే ఫోన్లు కూడా ఆగిపోయాయి. పిన్నికా సంగతే తెలియదు, కూతురు చెయ్యలేదేమో అనుకుని ఊరుకుంది. అక్కడ ఆ పిల్ల మూడు రోజులు తిండి మానేసి ఏడుస్తూ మాకు చేస్తే, మేం పక్కూరి వాళ్ళకి చేసి, వాళ్ళు సైకిలు మీద వెళ్ళి చూస్తే, పిన్ని హాయిగా వడియాలు పెట్టుకుంటోంది. అందరమూ నవ్వుకున్నాం. కానీ ఆ మూడు రోజుల్లో ఆవిడ నిజంగానే బావి దగ్గర కాలు జారి పడి ఉంటే?

వాడని సరుకుకి డబ్బు కట్టడం పిన్నికే కాదు, మన ఇళ్ళలో అంట్లు తోమే అమ్మాయికీ, మందుబిళ్ళ వేళకి కొడుకు ఫోను కోసం ఎదురుచూసే మామ్మగారికీ కూడా తప్పడం లేదు. 2024 డిసెంబరులో ట్రాయ్ కళ్ళు తెరిచి, మాటలకీ మెసేజీలకీ మాత్రమే పనికొచ్చే పథకాలు విడిగా పెట్టమంది. 2025 జనవరిలో కంపెనీలు పెట్టాయి. చాలావరకు రెండు మూడు నెలలకో ఏడాదికో ఒకేసారి పెద్ద మొత్తం కట్టేటట్టు పెట్టాయి. నెలజీతం రోజుకింత అని లెక్కపెట్టుకునే మనిషి ఏడాది డబ్బు ఒక్కసారి ఎక్కడినుంచి తెస్తుంది?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, సొంతంగా వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్ళు దేశంలో నూటికి 54 మందే అని తేలింది. మిగిలినవాళ్ళకి మొగుడి ఫోనో కొడుకు ఫోనో గతి. ఇంట్లో ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే ముందు ఆగిపోయే రీచార్జి ఎవరిదో మీకు వేరే చెప్పాలా?

మీలో కొందరు ‘‘ఏమిటమ్మా నీ గోల, ప్రపంచంలో ఇంత చవగ్గా ఇంటర్నెట్టు దొరికే దేశాలు ఎన్ని ఉన్నాయి?’’ అని అడుగుతారు. నిజమే, కాదనను. 1995లో నిమిషానికి 16 రూపాయలు ఎక్కడ, ఇప్పుడెక్కడ! 2016 సెప్టెంబరులో జియో వచ్చి కొన్ని నెలల పాటు అన్నీ ఉచితమన్నప్పుడు మనమందరం మురిసిపోయాం. కానీ ఆ చవక తుఫానులో ఎంతమంది కొట్టుకుపోయారో చూశారా? ఎయిర్‌సెల్ దివాలా తీసింది. టెలినార్, టాటా డొకొమో ఎయిర్‌టెల్‌లో కలిశాయి. వొడాఫోన్, ఐడియా 2018లో ఒకటయ్యాయి. ఆ ఒకటైనదాని బాకీల కింద 2025 నాటికి దాదాపు సగం వాటా ప్రభుత్వం చేతికే వచ్చింది. ఒకప్పుడు పదికి పైగా ఉన్న కంపెనీలు ఇప్పుడు మూడు ప్రైవేటువి, ఒక బి.ఎస్.ఎన్.ఎల్. ఊళ్ళో కొట్లన్నీ మూతపడి రెండో మూడో మిగిలితే ధరల పట్టీ ఎవరి చేతిలో ఉంటుందో సరుకులు తెచ్చుకునే ప్రతి ఇల్లాలికీ తెలుసు. వాడేవారి మీద సగటున నెలకి 300 రూపాయలు దాటి రాకపోతే వ్యాపారం ఆరోగ్యంగా ఉండదని ఎయిర్‌టెల్ 2024లో బాహాటంగానే చెప్పింది. వాళ్ళ ఆరోగ్యం మన చేతిసంచీలో ఉందన్నమాట.

ఇంకో ఆక్షేపణ ఉంది. అందులో న్యాయముంది కాబట్టి దాచను. ‘‘టవరు పెడతామంటే కాలనీల వాళ్ళే ఒప్పుకోరు’’ అంటాయి కంపెనీలు. నిజం! సిగ్నలు లేదని గోల పెట్టేదీ మనమే, మేడ మీద టవరు పెడితే రోగాలొస్తాయని సంతకాలు సేకరించేదీ మనమే. మన దేశంలో టవరు తరంగాలకి పెట్టిన హద్దు, అంతర్జాతీయంగా పెట్టుకున్న దాంట్లో పదో వంతు. ఇది 2012 నుంచీ అమల్లో ఉంది. కాబట్టి భయపడేముందు తెలుసుకుందాం. కానీ అయ్యా, కాలనీల సంగతి సరే, మన్యంలో ఏ కాలనీ అడ్డుపడింది? అక్కడ కొండెక్కి, చెట్టెక్కి సిగ్నలు వెతుక్కునే అంగన్‌వాడీ టీచరు, ఆశా వర్కరు మీ టవరుని వద్దన్నారా? పురిటి నొప్పులు పడుతున్న పిల్ల కోసం అంబులెన్సుని పిలవాలంటే ముందు ఒక మనిషి గుట్టెక్కాలి. ఆ గుట్ట ఎక్కే వేళకి ఎన్ని జరిగిపోతాయి!

అక్కడ టవర్లు లేకపోవడానికి కారణం ఒక్కటే, గిట్టుబాటు కాదు. ఒక పట్నం వీధిలో ఉన్నంతమంది అక్కడ పది కొండల్లోనూ ఉండరు. దీనికోసమే కంపెనీల ఆదాయంలోంచి 5 శాతం తీసి ఒక నిధిలో వెయ్యాలని 2002 నుంచీ ఏర్పాటుంది. 2024లో దానికి డిజిటల్ భారత్ నిధి అని కొత్త పేరు పెట్టారు. అంటే మనం రీచార్జి చేసిన ప్రతిసారీ అందులో ఆ కొండమీది చెల్లెలి వాటా కూడా కడుతున్నాం. 2021లో ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో 7,287 గ్రామాలకీ, 2022లో 26,316 కోట్లతో దేశమంతటా 24,680 గ్రామాలకీ 4జి ఇచ్చే పథకాలు కేంద్రం ఒప్పుకుంది. రెండోదాన్ని బి.ఎస్.ఎన్.ఎల్. భుజాన పెట్టింది. లాభం ఉన్న వీధులు ప్రైవేటు వాళ్ళవి, నష్టం ఉన్న కొండలు సర్కారువి! అన్నం మెతుకులన్నీ ఏరుకుని తినేసి, రాళ్ళు పెద్దకోడలికి మిగిల్చినట్టు.

అయినా ఆ కొండల్లోనే ఒక మంచి పాఠం దొరికింది. 2025 జనవరిలో, ఈ నిధి డబ్బుతో కట్టిన టవర్ల దగ్గర ఏ కంపెనీ సిమ్ ఉన్నవాళ్ళయినా మాట్లాడుకోవచ్చని ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఒక్క టవరు, అందరి మాట. అలాంటివి 27 వేలకి పైగా ఉన్నాయన్నారు. మరి ఇదే పని మిగతా చోట్ల ఎందుకు చెయ్యకూడదు? బ్రిటన్‌లో 2020లో నాలుగు ప్రత్యర్థి కంపెనీలు టవర్లు పంచుకుని దేశం విస్తీర్ణంలో 95 శాతానికి 4జి ఇస్తామని ప్రభుత్వంతో ఒప్పందం రాసుకున్నాయి. జర్మనీలో 2019లో పాట పెట్టినప్పుడు, 2022 ఆఖరుకి ప్రతి రాష్ట్రంలోనూ నూటికి 98 ఇళ్ళకి ఇంత వేగం అందాలి అని పాట షరతులోనే రాశారు. మనకీ షరతులున్నాయి గాని, గట్టిగా పట్టుకున్నది పాట సొమ్మునే. కూతుర్ని ఇస్తూ కట్నం రూపాయల దగ్గర పీకులాడి, పిల్లని ఎలా చూసుకుంటారో అడగని తండ్రిలా ఉంది మన వ్యవహారం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని ఊడ్చేసినప్పుడు ఏమైందో ఆ ఊరివాళ్ళకి తెలుసు. కరెంటు లేదు, ఫోన్లు మూగపోయాయి. బతికి ఉన్నామని చెప్పుకోవడానికి కూడా దిక్కు లేదు. ఆనాడు ఎవరికీ వేగం అక్కర్లేకపోయింది. ఒక్క మాట చాలు. ఇప్పుడు 2025 ఏప్రిల్ నుంచి కొత్త నిబంధన వచ్చింది, జిల్లాలో పెద్దఎత్తున నెట్‌వర్కు 24 గంటలకి మించి ఆగిపోతే ఆ రోజులు మనకి తిరిగి కలపాలని. సంతోషం. జిల్లా అంతా కలిసి మూగపోతేనే మన మొర వింటారు, ఒక్క ఇల్లు మూగపోతే కాదు.

పోటీ ఎంత నిజమో తెలియాలంటే మరో ముచ్చట చెప్పి ముగిస్తాను. ఆకాశంలో ఉపగ్రహాల నుంచి ఇంటర్నెట్టు ఇచ్చే స్టార్‌లింక్ అనే అమెరికా కంపెనీ మన దేశానికి వస్తానంది. దానికి తరంగాలు పాట లేకుండా ఎలా ఇస్తారు, మేం పాడుకోలేదా, అందరికీ ఒకే న్యాయం ఉండాలి అని జియో, ఎయిర్‌టెల్ గొంతెత్తాయి. 2025 మార్చి 11న ఎయిర్‌టెల్, మర్నాడే జియో, ఆ కంపెనీతోనే చేతులు కలిపాయి. నిన్న జుట్లు పట్టుకున్న తోడికోడళ్ళు ఇవాళ ఒకే రిక్షాలో సినిమాకి పోయినట్టు. వాళ్ళ తగవుల్లోకి మనం దూరి ఒక పక్షం పట్టడం అంత తెలివితక్కువ పని మరొకటి లేదు. మన పక్షం మనం చూసుకోవాలి.

అందుకేం చెయ్యాలి? వీధుల్లోకి రమ్మని అనను. కానీ ఒకటి గుర్తు చేస్తాను. 1992లో నెల్లూరు జిల్లాలో, దూబగుంటలాంటి పల్లెల్లో అక్షరాలు నేర్చుకున్న కూలి ఆడవాళ్ళు సారా పాటలు సాగనివ్వలేదు. ఖజానాకి కోట్లు నష్టమని ఎంత చెప్పినా వినలేదు. 1993లో ప్రభుత్వం సారాని నిషేధించక తప్పలేదు. పాట సొమ్ము కంటే ఇల్లు ముఖ్యమని వాళ్ళు చెప్పగలిగారు. ఫోను సారా కాదు, అది మనకి కావాలి. అందుకే మనం పాట ఆపమనడం లేదు. పాట షరతు మార్చమంటున్నాం. ఎంత పాడావన్నది తర్వాత, ఎన్ని ఊళ్ళకి, ఎన్ని ఇళ్ళ లోపలికి మాట చేరుస్తావో ముందు చెప్పు. చేర్చకపోతే తరంగాలు వెనక్కివ్వు. గిట్టుబాటు కాని చోట ఒక్క టవరు అందరూ వాడుకోండి. మాటలు మాత్రమే కావలసినవాళ్ళకి నెలకోసారి కట్టుకునే చవక రీచార్జి కంటికి కనబడేలా పెట్టండి.

ఈలోగా మన చేతిలో ఉన్నవి మనం వాడుకుందాం. ఏ కంపెనీకి ఎక్కడ సిగ్నలు ఉందో తెలిపే మ్యాపులు వాళ్ళ వెబ్‌సైట్లలో పెట్టి తీరాలని ట్రాయ్ ఆజ్ఞ. మీ వీధి చూడండి. వీధికీ మ్యాపుకీ పొంతన లేకపోతే ఫిర్యాదు నంబరు తీసుకుని రాసి పెట్టుకోండి, చాకలిపద్దులా. అయినా మారకపోతే, 2011 నుంచీ దేశమంతటా ఉన్న హక్కు ఒకటుంది. నంబరు అదే ఉంచుకుని కంపెనీ మారిపోవచ్చు. పోర్ట్ అని రాసి మీ నంబరు చేర్చి 1900కి మెసేజి పంపితే చాలు. మారే ముందు పక్కింటావిడ సిమ్ మీ వంటింట్లో పనిచేస్తుందో లేదో పరీక్ష చేసుకోండి. హోర్డింగు నమ్మొద్దు, పక్కింటావిణ్ణి నమ్మండి. ఇంట్లో పెద్దవాళ్ళ రీచార్జి తారీఖు క్యాలెండరు మీద, గ్యాసు బుకింగు పక్కనే రాసి పెట్టండి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అమ్మలు అడగడం మొదలుపెడితే పెట్టకుండా ఎవరుంటారో చూద్దాం.